ఘంటసాల: హీరో లేడు, సినిమా లేదు.. అయినా ఊరూరా మోగిన పుష్పవిలాపం! ఆ గొంతు వెనుక కథ ఇదీ..

తెలుగులో ప్రైవేటు ఆల్బమ్ అనే మాట ఇంకా పుట్టని రోజులవి. పాట హిట్ కావాలంటే సినిమా ఉండాలి. సినిమాలో పెద్ద హీరో ఉండాలి. ఆ రెండూ లేకుండా ఓ గాయకుడు పూలమొక్కల బాధ మీద రాసిన పద్యాలను గ్రామఫోన్ రికార్డుగా పాడారు. అది ఇంటింటా మోగింది. ఆ గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు. ఆ రికార్డు పుష్పవిలాపం. ఈ తరం ఆయన్ను ఎక్కువగా భగవద్గీత గొంతుగానే గుర్తుపడుతోంది. అంతకు ముందు ఆ గొంతు పడ్డ కష్టం, దానికి దక్కిన గెలుపు చాలామందికి తెలియదు.

కొడవలూరు నుంచి సాలూరు దాకా.. ఒకటే గొంతు

నెల్లూరు నుంచి కావలి వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే దారిలో తగిలే మండలం కొడవలూరు. పెన్నా నీళ్లతో వరి పండే ఊళ్లు. ఇటు పక్కన విడవలూరు, అటు కోవూరు. ఈ ఊళ్లలోనే కాదు, ఉత్తరాంధ్రలోని సాలూరు దాకా ఎక్కడ చూసినా ఒకప్పుడు మైకుసెట్ కట్టారంటే మొదట వినిపించేది ఘంటసాలే. పెళ్లిపందిరి, శ్రీరామనవమి చలువపందిరి, ధనుర్మాసంలో గుడి.. సందర్భం ఏదైనా గొంతు మాత్రం ఒక్కటే.

నెల్లూరు జిల్లాకు పద్యం అంటే మొదటి నుంచీ ప్రాణం. రాత్రంతా సాగే పౌరాణిక నాటకాలు, హార్మోనియం శ్రుతి, బాగా పాడితే వన్స్‌మోర్ అంటూ కేకలు.. ఇవన్నీ ఈ జిల్లా పాతతరానికి బాగా తెలుసు. అలాంటి చోట పద్యం పాడి మెప్పించడం చిన్న విషయం కాదు. నాటకంలో పాడేవాళ్లకు మైకు లేని రోజుల్లో చివరి వరుస దాకా గొంతు చేరాలి. అందుకే పెద్దగా, హై పిచ్‌లో పాడేవాళ్లు. పద్యం చివర రాగం ఎంత సేపు తీస్తే అంత గొప్ప. ఆ అలవాటును మార్చి, పద్యాన్ని పక్కన కూర్చుని చెప్పినట్టు పాడిన మనిషి ఘంటసాల. ఆయనకు ఆ పద్ధతి అంత తేలిగ్గా రాలేదు.

తండ్రి చివరి కోరిక.. చేతి ఉంగరం అమ్మేసి ప్రయాణం

ఘంటసాల 1922 డిసెంబర్ 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తల్లి రత్తమ్మ, తండ్రి సూరయ్య. సూరయ్య మృదంగం వాయిస్తూ నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు. చిన్నప్పుడు ఆ తరంగాలకు అడుగులు వేసిన పిల్లవాణ్ని జనం బాలభరతుడు అని ముద్దుగా పిలిచేవారు.

ఆ ముచ్చట ఎక్కువ కాలం నిలవలేదు. ఘంటసాల చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. పోయే ముందు కొడుకును పెద్ద సంగీత విద్వాంసుడు కావాలని కోరారు. ఇల్లు గడవడమే కష్టమైన పరిస్థితి. మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య అండగా నిలిచారు. సంగీతం నేర్చుకోవాలన్న కోరిక ఉంది కానీ నేర్పేవాళ్లు దగ్గరలో లేరు. ఓ సంగీత సభలో విద్వాంసుల ముందు తన పాట తేలిపోయి నవ్వులపాలైనప్పుడు పట్టుదల పెరిగింది. చేతికున్న ఉంగరం అమ్మేసి, ఎవరికీ చెప్పకుండా విజయనగరం బయల్దేరారు.

విజయనగరం మహారాజా సంగీత కళాశాల అప్పటికే పేరున్న చోటు. 1919లో మొదలైన ఆ కళాశాలకు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. ఆ తర్వాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు ఆ బాధ్యత చూశారు. తీరా ఘంటసాల చేరుకునే సరికి కళాశాలకు సెలవులు. ఉండటానికి చోటు లేదు, తినడానికి తిండి లేదు.

జోలె పట్టి అన్నం.. డబ్బు అడగని గురువు

అక్కడే ఆయన జీవితం మలుపు తిరిగింది. కళాశాలలో పని చేస్తున్న పట్రాయని సీతారామశాస్త్రి ఆ కుర్రాణ్ని చేరదీశారు. పైసా తీసుకోకుండా పాఠం చెప్పారు. ఆయనా కలిగిన కుటుంబం వారు కాదు. ఒక శిష్యుణ్ని రోజూ ఇంట్లో పోషించే స్థోమత లేదు. అందుకే ఘంటసాల జోలె పట్టుకుని మధుకరం ఎత్తారు. అంటే ఇంటింటికీ వెళ్లి అన్నం అడిగి తెచ్చుకోవడం. పేద విద్యార్థులు అలా చదువుకోవడం ఆ రోజుల్లో ఉన్నదే. కానీ పాడిన పాటకు చప్పట్లు అందుకున్న పిల్లవాడికి అది మింగుడుపడే పని కాదు. పాఠం ఆగకూడదని చేశారు.

సీతారామశాస్త్రి నేర్పిన వాటిలో రాగాలు, కీర్తనలతో పాటు ఇంకొకటి ఉంది. పాటలో మాట స్పష్టంగా వినపడాలి, భావం చెడకూడదు. తర్వాత ఘంటసాల పాడిన ప్రతి పద్యంలో మనకు వినిపించేది అదే. గురువు మీద గౌరవం ఆయనకు జీవితాంతం తగ్గలేదు. గురువు గారి కుమారుడు పట్రాయని సంగీతరావు మద్రాసులో ఘంటసాల దగ్గర సహాయకుడిగా ఎన్నో ఏళ్లు పని చేశారు. ఆ సంగీతరావు వందేళ్లు దాటి బతికి 2021లో కన్నుమూశారు.

జైలు.. పెళ్లి.. మద్రాసు

చదువు పూర్తి చేసుకుని సొంతూరు చేరిన ఘంటసాల 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలోకి దూకారు. అరెస్టయ్యారు. బళ్లారి దగ్గర అల్లీపురం జైల్లో 18 నెలలు గడిపారు. విడుదలయ్యాక 1944లో సావిత్రితో పెళ్లి జరిగింది. తన పెళ్లిలో తానే కచేరీ చేసిన పెళ్లికొడుకు ఆయన.

అత్తవారి ఊరి వైపు పరిచయమైన సినీ రచయిత సముద్రాల రాఘవాచార్యులు మద్రాసు రమ్మన్నారు. వెళ్లారు కానీ మద్రాసు ఎర్రతివాచీ పరవలేదు. ఇల్లు లేని రోజుల్లో టి.నగర్‌లోని పానగల్ పార్కులో తలదాచుకున్నారు. ఆకాశవాణి మద్రాసు కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు పాడే అవకాశాలు ఇచ్చారు. సీతారామ జననం సినిమాలో కోరస్‌లో గొంతు కలిపారు. 1945లో బి.ఎన్.రెడ్డి తీసిన స్వర్గసీమలో భానుమతితో కలిసి పాడారు.

ఇక గ్రామఫోన్ రికార్డుల సంగతి. అప్పట్లో హెచ్.ఎం.వి. కంపెనీ రికార్డు ఇవ్వడమంటే గాయకుడికి గుర్తింపు వచ్చినట్టే. ఘంటసాల మొదటిసారి వెళ్లినప్పుడు ఆ తలుపు తెరుచుకోలేదు. గొంతు నచ్చలేదని తిప్పి పంపేశారు. తర్వాత నటుడిగా పేరు తెచ్చుకున్న పేకేటి శివరాం అదే కంపెనీలో పని చేస్తున్న రోజుల్లో చొరవ తీసుకుని ఆ గొంతును రికార్డుకు ఎక్కించారు. ఒకసారి వద్దన్న కంపెనీయే ఆ తర్వాత ఆయన రికార్డులను దశాబ్దాల పాటు అమ్ముకుంది.

సినిమాలో గొంతు హీరోది.. రికార్డులో గొంతు గాయకుడిది

1948లో వచ్చిన బాలరాజు ఘంటసాలకు సినిమాల్లో పేరు తెచ్చింది. మరుసటి ఏడాది కీలుగుర్రం, మనదేశం సినిమాలకు సంగీతం ఇచ్చారు. ఎన్టీఆర్ తొలిసారి తెరమీద కనిపించిన సినిమా మనదేశమే. 1951లో పాతాళభైరవి వచ్చాక ఆయనకు తిరుగు లేకపోయింది.

కానీ ఇక్కడ ఓ చిక్కు ఉంది. సినిమా పాట విన్నప్పుడు జనం కళ్ల ముందు కదిలేది అక్కినేనో, ఎన్టీఆరో. గొంతు ఘంటసాలది అయినా పాట హీరోది. కథ వేరే వాళ్లది, సన్నివేశం వేరే వాళ్లది. గాయకుడు ఆ సన్నివేశం దాటి పోవడానికి లేదు. ప్రైవేటు రికార్డు అలా కాదు. లేబుల్ మీద ఉండేది గాయకుడి పేరు. వినేవాడి చెవికి, ఆ గొంతుకు మధ్య ఇంకెవరూ ఉండరు. బాగుంటే ఆ పేరు ఆయనదే, పోతే ఆ చెడ్డపేరూ ఆయనదే. పుష్పవిలాపం అలాంటి పందెం.

ఏముంది ఆ రికార్డులో?

పుష్పవిలాపం పద్యాలు రాసింది కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి. గుంటూరు జిల్లా కొమ్మూరులో 1912లో పుట్టిన ఈ కవి గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో తెలుగు చెప్పేవారు. ఆయన ఉదయశ్రీ కావ్యంలోనిదే ఈ ఖండిక.

కథ చిన్నదే. ఒకాయన పొద్దున్నే దేవుడి పూజకు పూలు కోద్దామని తోటకు వెళ్తాడు. కొమ్మ వంచి గోరు ఆనించబోతాడు. అంతలో పూలన్నీ ఒక్కసారిగా గోడుపెట్టుకుంటాయి. తల్లి ఒడిలో హాయిగా ఉన్న మమ్మల్ని ఎందుకు విడదీస్తావని అడుగుతాయి. గాలికి సువాసన ఇస్తాం, తుమ్మెదలకు విందు పెడతాం, మేమేం తప్పు చేశామని నిలదీస్తాయి. దారం బిగించి, సూది గుచ్చి మాలలు కట్టే మనుషుల చేతులను తప్పుపడతాయి. బుద్ధుడు పుట్టిన నేల మీద పుట్టి ఇంత కఠినం ఏమిటని ప్రశ్నిస్తాయి. ఆయనకు చెయ్యి రాదు. ఒక్క పువ్వూ కోయకుండా ఖాళీ చేతులతో దేవుడి దగ్గరికి తిరిగి వస్తాడు.

పూజకే పూలు వద్దన్న మాట ఇది. గుడి మైకులో రోజూ భక్తిపాట వినే జనానికి ఇది కొత్త ఆలోచన. ఎవరూ నొచ్చుకోలేదు. పైగా కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అందుకు కారణం పద్యం ఎంతో, పాడిన తీరూ అంతే.

ఘంటసాల ఏం చేశారు?

ఇందులో ఎక్కువగా ఉన్నవి ఉత్పలమాల, తేటగీతి లాంటి ఛందస్సులు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. నాటకం పద్ధతిలో పాడితే పాదం ఎక్కడ విరగాలో అక్కడ విరుగుతుంది, మాట మధ్యలో తెగిపోతుంది. ఘంటసాల అలా చేయలేదు. అర్థం ఎక్కడ పూర్తవుతుందో అక్కడ ఆగారు. చదువు రాని వాళ్లకు కూడా ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలిసిపోయేలా పాడారు. అందుకే పుస్తకం చూడకుండానే ఎంతోమందికి ఆ పద్యాలు నోటికి వచ్చాయి.

రాగం తీయడం కూడా తగ్గించారు. పద్యం చివర వచ్చే ఆలాపన పూల ఏడుపులా ఉంటుందే తప్ప గాయకుడి విద్య చూపించుకోవడంలా ఉండదు. వాద్యాలు వెనకే ఉంటాయి. ఒత్తులు, మహాప్రాణాలు దేనికది విడిగా వినపడతాయి.

మరో పని కూడా చేశారు. పద్యానికీ పద్యానికీ మధ్య మామూలు మాటల్లో రెండు ముక్కలు చెప్పారు. ఎవరు మాట్లాడుతున్నారు, ఏం జరుగుతోంది అన్నది ఆ మాటల్లో తెలుస్తుంది. బుర్రకథలో, హరికథలో జనానికి అలవాటైన పద్ధతే ఇది. పాట, మాట కలిసి నడవడం. దాన్ని నిమిషాల లెక్కన సాగే రికార్డులోకి తెచ్చారు. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు తిరిగేది సుమారు మూడు నిమిషాలు. అంత తక్కువ సమయంలో కథ చెప్పాలి, పద్యం పాడాలి, ఏడిపించాలి. ఒక్క మాట ఎక్కువైనా చోటు చాలదు.

కరుణశ్రీదే మరో ఖండిక కుంతీకుమారిని కూడా ఘంటసాల ఇలాగే పాడారు. పెళ్లి కాకుండా తల్లి అయిన కుంతి, పసిబిడ్డ కర్ణుణ్ని పెట్టెలో పెట్టి గంగలో వదిలే ఘట్టం అది. దాశరథి, కొనకళ్ల వెంకటరత్నం లాంటి కవుల పాటలు కూడా ఆయన గొంతులో ప్రైవేటు రికార్డులుగా వచ్చాయి. సినిమాలు ఎదురుచూస్తున్న బిజీ సంగీత దర్శకుడికి ఇవేమీ తప్పనిసరి కాదు. అయినా వదల్లేదు. కవి రాసిన పుస్తకం అచ్చయితే కొన్ని వేలమంది చదువుతారు. ఘంటసాల పాడితే చదవడం రాని వాళ్ల దాకా వెళ్లేది.

నెల్లూరుతో ముడిపడ్డ మూడు సందర్భాలు

ఘంటసాల కృష్ణా జిల్లా మనిషే అయినా ఆయన కథలో నెల్లూరు జిల్లా పేరు మళ్లీ మళ్లీ వస్తుంది.

మొదటిది విషాదం. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచారు. నెల్లూరు జిల్లాకు ఈ రోజు ఆయన పేరే ఉంది. ఆయన అంతిమయాత్రలో ఘంటసాల పాల్గొని గొంతు కలిపారు. అప్పటికే ఆయన పెద్ద సినిమా మనిషి. మద్రాసులోనే ఉంటూ, మద్రాసులోనే పని చేసుకుంటూ ఆ ఊరేగింపులో ముందుకు రావడం అందరూ చేయగలిగింది కాదు. జైలుకు వెళ్లిన పాత ఘంటసాల ఇంకా పోలేదని ఆ రోజు తెలిసింది.

రెండోది పాట. సూళ్లూరుపేట ప్రాంతంలోని మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ రాసిన ఎన్నో పాటలకు ఘంటసాల ప్రాణం పోశారు. 1964లో వచ్చిన మూగమనసులు ఒక్కటి చాలు. ఆత్రేయ మాటలు వాడుక మాటలు. ఘంటసాల గొంతు వాటిని గట్టిగా ఒత్తి చెప్పదు, అలా మెల్లగా వదిలేస్తుంది. బరువు దానంతట అదే పడుతుంది.

మూడోది వారసత్వం. నెల్లూరులో పెరిగిన హరికథకుడు సాంబమూర్తి గారి అబ్బాయి ఒకరు 1960ల్లో మద్రాసులో ఓ పాటల పోటీలో పాడారు. న్యాయనిర్ణేతల్లో ఎస్.పి.కోదండపాణితో పాటు ఘంటసాల కూడా ఉన్నారు. ఫస్ట్ ప్రైజ్ ఆ కుర్రాడికే వచ్చింది. ఆ కుర్రాడే ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం. 1966లో మర్యాద రామన్నతో సినిమాల్లోకి వచ్చిన బాలు, జీవితాంతం ఘంటసాల పేరు చెప్పుకుంటూనే ఉన్నారు. టీవీ పాటల పోటీల్లో పిల్లలు పద్యం పాడితే ఒత్తు సరిదిద్దేటప్పుడు ఆయన ఉదాహరణగా చెప్పిందీ ఘంటసాలనే.

గెలుపు ఒక్కటే కాదు.. దెబ్బలూ ఉన్నాయి

ఘంటసాల సినిమాలు కూడా తీశారు. 1953లో పరోపకారం, 1956లో సొంతవూరు, 1960లో భక్త రఘునాథ్. సంపాదించింది అందులో పెట్టారు. ఆ సినిమాలు ఆయన పాటల్లా ఆడలేదు. నిర్మాతగా ఆయన పేరు నిలబడలేదు. మళ్లీ మైకు ముందు నిలబడి పాడుకుంటూ వచ్చారు. మాయాబజార్, లవకుశ లాంటి సినిమాలకు సంగీతం ఇచ్చింది ఈ కాలంలోనే.

1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో యూరప్, అమెరికా వెళ్లి కచేరీలు చేశారు. న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితిలో కూడా పాడారు. విజయనగరంలో జోలె పట్టిన మనిషి అక్కడిదాకా వెళ్లారు. అయితే అప్పటికే ఒంట్లో బాగాలేదు. షుగర్ వ్యాధి, గుండెజబ్బు పట్టి పీడిస్తున్నాయి.

ఆఖరి రికార్డు.. అదే పద్ధతి

ఆ అనారోగ్యంతోనే భగవద్గీత మొదలుపెట్టారు. 700 శ్లోకాల గీతలోంచి సుమారు వంద ఎంచుకుని పాడారు. శ్లోకం పాడి, వెంటనే తెలుగులో తాత్పర్యం చెప్పారు. పుష్పవిలాపంలో చేసిందీ ఇదే. పాట, ఆ వెంట మాట. సంస్కృతం రాని మనిషి కూడా వదిలిపెట్టకుండా వినాలన్నదే ఆలోచన. తన సొంత గొంతు మీద ఆయన పెట్టుకున్న నమ్మకం మొదటి నుంచి చివరి దాకా ఒకటే.

ఆ రికార్డు బయటికి రావడం ఆయన చూడలేదు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి వయసు 51. తర్వాత కొన్నాళ్లకు విడుదలైన భగవద్గీత రికార్డులు తెలుగు దేశాన్ని ముంచెత్తాయి. 2003లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది. 2022లో శతజయంతి జరిగింది.

ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం?

ఇక్కడ మాట్లాడుకోవాల్సిన విషయం ఒకటుంది. భగవద్గీత క్యాసెట్ క్రమంగా చావు ఇళ్లకు, వైకుంఠ రథాలకు చేరిపోయింది. ఇప్పుడు వీధిలో ఘంటసాల గీత వినపడితే ఎవరు పోయారు అని అడుగుతున్నారు. ఇంట్లో ఎవరైనా పెడితే ఆపమని కసురుతున్నారు. యుద్ధం ముందు చేతులు ముడుచుకున్న మనిషిని లేచి పని చేయమని చెప్పిన పుస్తకం అది. బతికి ఉన్నవాళ్ల కోసమే ఒక జబ్బుమనిషి శక్తి కూడదీసుకుని పాడిన పాట అది. దాన్ని పాడెకు కట్టేశాం. ఆ దెబ్బకు ఆయన మిగతా పాట మీద కూడా ఓ నీడ పడింది. కొత్త తరానికి ఘంటసాల అంటే ఓ విషాద సూచనగా మారిపోతున్నారు.

దీనికి మందు ఆయన దగ్గరే ఉంది. పుష్పవిలాపం మొత్తం వినడానికి పట్టేది కొన్ని నిమిషాలే. ఈ రోజుల్లో ఓ షార్ట్ వీడియోల వరుస చూసేంత సమయం కూడా పట్టదు. ఫోన్‌లో వెతికితే దొరుకుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, స్క్రీన్ ఆఫ్ చేసి వింటే మంచిది. ఎందుకంటే అందులో చూడాల్సిన హీరో ఎవరూ లేరు. ఓ తోట, కొన్ని పూలు, ఖాళీ చేతులతో తిరిగొచ్చిన ఓ మనిషి.. అంతే. మిగతాదంతా ఆ గొంతు చూసుకుంటుంది.